స్పందన లేదు

గురువారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, గుజరాత్‌లోని ఉధ్నాలో మూతపడిన ఒక మగ్గాల షెడ్డులో, కూలిన గోడ కింద పడుకుని ఉన్న దశరథం ముందుకు రోబో వచ్చి ఆగింది. వినిపిస్తోందా అని రెండు భాషల్లో అడిగింది. అరనిమిషం చూసింది. "మనిషి ఉన్నాడు, స్పందన లేదు" అని నమోదు చేసుకుని పక్క సందులోకి వెళ్లిపోయింది. అప్పటికి దశరథం బతికే ఉన్నాడు. మెలకువగానే ఉన్నాడు.

అది ప్రమాదం కాదు, పరీక్ష. కిందటి వానాకాలం పక్క పారిశ్రామిక ఎస్టేటులో ఒక షెడ్డు పైకప్పు కూలింది. అప్పటినుంచీ బీమా కంపెనీవాళ్లు అన్ని ఎస్టేట్లనూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: శిథిలాల కింద మనుషులుంటే వెతకడానికి మీ దగ్గర ఏముంది? ఉధ్నా షెడ్ల యజమానులు కలిసి ఒక రోబో కొనాలనుకున్నారు. కమిటీ వేసుకున్నారు. అమ్మడానికి మూడు కంపెనీలు వచ్చాయి. వాటిలో ఒకదాని ఆఫీసు దగ్గర్లోని ఆల్థాన్‌లోనే ఉంది. కీర్తి అందులో ఇంజనీరు.

ఆ కంపెనీ మొదట్లో మురుగు పైపుల్లోకి కెమెరా తీసుకుపోయే బండ్లు చేసేది. యజమాని ఫణికుమార్ వాటిని అమ్మడానికి మున్సిపాలిటీల చుట్టూ తిరిగేవాడు. ఇప్పుడు సొరంగాలు తవ్వేవాళ్లు, రసాయనాల ఫ్యాక్టరీలవాళ్లు, గనులవాళ్లు వాళ్లంతట వాళ్లే అడుగుతున్నారు. ఎక్కడైనా కప్పు కూలినట్టు వార్త వస్తే మర్నాడు ఆఫీసు ఫోను మోగుతుంది. ఫోనెత్తినప్పుడు ఏ గొంతుతో మాట్లాడాలో కీర్తికి మొదట్లో తెలిసేది కాదు. తర్వాత అలవాటైంది.

ఈ రోబో బండి మోకాలెత్తు ఉంటుంది. రబ్బరు పట్టాల మీద పాకుతుంది. ఒంటి వేడిని బట్టి మనిషిని పట్టుకుంటుంది. పట్టుకున్నాక హిందీలో ఒకసారి, గుజరాతీలో ఒకసారి అడుగుతుంది. ఆ గొంతు కీర్తిదే. బయటి చప్పుడు పడకుండా ఆఫీసులో దుప్పటి కప్పుకుని రికార్డు చేసింది. మనిషి పలికితే తెరమీద ఆకుపచ్చ చుక్క పడుతుంది. పలకకపోతే పసుపు. తవ్వేవాళ్లు ముందు ఆకుపచ్చ చుక్కల దగ్గరికి వెళ్తారు.

ఆ రోజు గోడ కింద పడుకున్నవాళ్లు ముగ్గురు. ముగ్గురినీ షెడ్డు యజమాని మనహర్‌భాయి పంపించాడు. ఒకప్పుడు అక్కడే మగ్గాలు నడిపినవాళ్లు. దెబ్బ తగిలినవాళ్లలా కదలకుండా పడుకోవాలని, బండి అడిగితే పలకాలని వాళ్లకు మేనేజరు చెప్పాడు. తెరమీద రెండు ఆకుపచ్చ చుక్కలు, ఒక పసుపు చుక్క పడ్డాయి.

ఇదేమిటని కమిటీవాళ్లు అడిగారు. ఫణికుమార్ తెరను ఒకసారి చూసి, ఆ మనిషి ఓ చుక్క వేసుకుని నిద్రపోయి ఉంటాడని గుజరాతీలో అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మనహర్‌భాయి నవ్వలేదు. పక్కనున్నాయన్ని ఏమన్నాడని అడిగి తెలుసుకున్నాడు. గుజరాత్‌లో మద్యం మీద నిషేధం ఉంది. షెడ్డు తనది, మనిషి తనవాడు. శనివారం మళ్లీ చూద్దామని చెప్పి ఆయన కారెక్కాడు.

అప్పుడే దశరథం సందులోంచి పాక్కుంటూ బయటికి వచ్చాడు. కనుబొమల మీద సున్నం పడి ఉంది. లుంగీ దులుపుకుని నేరుగా బండి దగ్గరికి నడిచాడు. కూర్చుని దాని పట్టాను వేలితో నొక్కి చూశాడు. కీర్తి తెలుగమ్మాయని పొద్దుటే తెలుసుకున్నాడు.

"నన్ను సూసిందా బిడ్డా గిది?"

చూసిందని కీర్తి చెప్పింది.

"నేను గుడ సూసిన. ముంగట నిలవడ్డది. లైటు మస్తున్నది." అడుగున ఉన్న గొట్టం దేనికని అడిగాడు. గాలిని పీల్చి మనిషి ఊపిరి కోసం వెతుకుతుందని ఆమె చెబితే, వంగి దాని మూతికి ఎదురుగా ఊపిరి వదిలాడు. తెరమీద అంకె మారడం చూసి ఇంకోసారి వదిలాడు. కీర్తి అతనికి జానెడు దూరంలో ఉంది. సున్నం వాసన, చెమట వాసన తప్ప మరే వాసనా రాలేదు.

ఆ సాయంత్రం ఆల్థాన్‌లో ఫణికుమార్ ఆమెను పిలిచి, పసుపు చుక్క ఎందుకు పడిందో కమిటీకి నాలుగు వాక్యాలు రాసిమ్మన్నాడు. రాసేముందు ఆమె బండి తీసిన వీడియో పెట్టుకుంది. దశరథం కళ్లు తెరిచే ఉన్నాయి. దీపం వెలుగు పడగానే కెమెరాలోకి చూశాడు. ఆమె గొంతు హిందీలో అడిగింది. అతని పెదవులు కదలలేదు. రాళ్ల మధ్యనుంచి కుడిచెయ్యి బయటికి తీశాడు. చూపుడువేలూ నడిమివేలూ కత్తెరలా పెట్టి రెండుసార్లు ఆడించాడు. ఆగాడు. ఆమె గొంతు గుజరాతీలో అడిగింది. మళ్లీ వేళ్లు ఆడించాడు. బండి వెనక్కి తిరిగినప్పుడు అతని ముఖంలో నవ్వు ఉంది, పని అయిపోయినట్టు.

కీర్తి ఆ ముక్కను మళ్లీ మళ్లీ చూసింది. ఆ వేళ్లు ఏమంటున్నాయో అర్థం కాలేదు. ఫణికుమార్‌ను పిలిచి చూపించింది.

"నోరు తెరిస్తే ఏం పోయింది?" అన్నాడతను.

చెయ్యి కదిలితే కూడా స్పందన కిందే లెక్కపెట్టేలా బండికి నేర్పవచ్చని ఆమె చెప్పింది. ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. రెండు వారాలంది. శనివారానికి రెండు రోజులే ఉందని, ఆగమంటే కమిటీ పోటీలో ఉన్న పుణేవాళ్ల బండి కొంటుందని, అమ్మకం అయ్యాక తీరిగ్గా నేర్పుదామని అన్నాడు. ఈలోపు ఉన్నది ఉన్నట్టే రాయమన్నాడు.

"ఉన్నది అంటే ఏది సార్?"

"మనిషి వైపు లోపం. అంతవరకు రాయి చాలు. తాగాడని మనమెందుకు రాయడం?"

కీర్తి ఆ సాయంత్రం ఏమీ రాయలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఉధ్నా వెళ్లింది. దశరథం గది రైలుపట్టాల అవతల, మూడంతస్తుల అద్దె ఇంట్లో పై అంతస్తు. కింది గదుల్లో మగ్గాలు నడుస్తున్నాయి. మెట్లు ఎక్కుతుంటే ఆ అదురు అరికాళ్లకు తెలుస్తోంది. గది తలుపు తీసే ఉంది. దశరథం భార్య స్వరాజ్యం చీర పరుచుకుని అంచు మీద రాళ్లు అతికిస్తోంది. దశరథం వాకిలికి వీపు పెట్టి ఫ్యాను విప్పుతున్నాడు.

కీర్తి గడప దగ్గర నిలబడి కాకా అని పిలిచింది. అతను తిరగలేదు. ఇంకోసారి పిలిచింది. స్వరాజ్యం అతికించే పని ఆపకుండానే కాలు చాపి మడమతో నేలమీద రెండుసార్లు కొట్టింది. దశరథం తిరిగి చూశాడు.

నీళ్లిచ్చారు. చాయ్ పెడతానంటే కీర్తి వద్దంది, స్వరాజ్యం పెట్టింది. కీర్తి ఫోనులో వీడియో చూపించింది. అందులో తన ముఖం చూసుకుని దశరథం దగ్గరికి జరిగాడు. వేళ్లు కనబడగానే స్వరాజ్యం నవ్వింది.

"దారం తెగింది, మగ్గం ఆగింది, జర వచ్చిపో అంటున్నడు." తను కూడా వేళ్లు కత్తెరలా పెట్టి ఆడించి చూపింది. "మగ్గాల కాడ నోరు తెరిస్తె ఎవలకు ఇనవడ్తది బిడ్డా? గిట్ల అంటేనే మగ్గం బాగుజేసే మాస్టరు ఉరికొస్తడు."

"నాకు ఆపద వచ్చిందని చెప్పమంటిరి గద," అన్నాడు దశరథం. "చెప్పిన."

కీర్తి చాయ్ గ్లాసు కింద పెట్టడానికి పక్కకు తిరిగి, బండి అడిగింది వినిపించిందా కాకా అని అడిగింది. జవాబు రాలేదు. తల తిప్పి చూస్తే అతను ఆమె నోటివైపే చూస్తున్నాడు. ఇటు తిరిగి అదే మాట మళ్లీ అడిగింది.

"బండి ఏమన్న అడిగిందా?" అన్నాడు.

స్వరాజ్యం చెప్పింది. మగ్గాల హోరుకు చెవులు పోవడం చాలా ఏళ్ల కింద మొదలైంది. ముందు పిట్టలు వినబడలేదు, తర్వాత ఫోను, తర్వాత ఆడవాళ్ల గొంతులు. ఆ వరస గదుల్లో ఉండే మగవాళ్లలో సగంమంది అంతే. ఒకరి నోళ్లు ఒకరు చూసుకుని మాట్లాడుకుంటారు. చీకట్లో మాట్లాడుకోరు.

తాగి పడుకున్నాడన్న మాట వాళ్లకు అప్పటికే చేరింది. పొద్దున మేనేజరు ఫోను చేశాడు. మనహర్‌భాయి కిమ్ అనే ఊళ్లో కొత్త షెడ్డు పెట్టాడు. సోమవారం నుంచి దశరథం అక్కడ మాస్టరుగా చేరాలి. పాత షెడ్డు మూసినప్పటి నుంచి అతను ఎదురుచూస్తున్న పని అది. ఇప్పుడు సేటు ఒక షరతు పెట్టాడు. శనివారం పొద్దున ఆఫీసులో మాత పటం ముందు నిలబడి ఇక తాగనని ఒట్టు పెట్టాలి. లేదంటే కిమ్ రానక్కర్లేదు.

ఈ వీడియో రేపు సేటుకు చూపిస్తానని కీర్తి అంది.

"సూపియ్యకు బిడ్డా."

"మీరు తాగలేదని తేలిపోతుంది కాకా."

"తేలుతది. తేలినంక ఏమడుగుతడు? తాగకపోతె ఎందుకు పలకలె అంటడు." అతను విప్పిన ఫ్యాను రెక్కను ఒళ్లో పెట్టుకుని తుడవడం మొదలుపెట్టాడు. "కొత్త మిషన్లు చెడిపోతె కూత పెడ్తయట. మన పక్కింటి సాంబయ్యను కిమ్ తీస్కవోయిండ్రు. ఎనుకకెల్లి మేనేజరు పిలిస్తె సూడలె. అటెంకనే ఇంటికి పంపిండ్రు. తాగుడంటె మాన్తనని ఒట్టు పెట్టొచ్చు. చెవులకు ఏమని ఒట్టు పెట్టాలె?"

"పుట్టి బుద్ధెరిగినంక చుక్క ముట్టలె," అంది స్వరాజ్యం. "గీయిన మాన్తనని ఒట్టు పెట్టవోతుండు."

"తాగనోడు తాగనని ఒట్టు పెడితె అబద్ధమెట్లయితది?"

"అయితె మన మార్కండేయుని ముందట పెట్టు, సూస్త."

"సేటు ఆఫీసుల మాత ఉన్నది. ఆమెకు మన సంగతి తెల్వదు."

స్వరాజ్యం నవ్వు ఆపుకోలేక చీర మీంచి చెయ్యి తీసింది. దశరథం నవ్వలేదు. రెక్కను పక్కన పెట్టి, వీడియో ఇంకోసారి పెట్టమన్నాడు. బండి వచ్చి ఆగడం, చూడడం, వెనక్కి తిరగడం చూశాడు.

"గా కిమ్ షెడ్డు కూలిందనుకో. గిదే వస్తదా?"

యజమానులు కొంటే చుట్టుపక్కల ఎక్కడికైనా ఇదే వస్తుందని కీర్తి చెప్పింది.

"అండ్ల అందరు నా లెక్కనే ఉంటరు. ముందట నిలవడ్తది, మల్ల గిట్లనే పోతదా?"

దాన్ని సరిచేస్తానని ఆమె అంది. ఎప్పుడని అడిగాడు. అతను ఆమె పెదవుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

శనివారం పొద్దున దశరథం ఒట్టు పెట్టాడు. మేనేజరు అగరుబత్తి వెలిగించాడు. మనహర్‌భాయి టెంకాయ కొట్టించి చిప్ప అతనికే ఇచ్చాడు. ఆ సంగతి షెడ్డు దగ్గరికి వచ్చాక మనహర్‌భాయే అందరికీ చెప్పాడు. కొబ్బరిచిప్ప ఉన్న సంచి పట్టుకుని దశరథం వెనకాల నిలబడ్డాడు.

ఫణికుమార్ ఈసారి వేరే ముగ్గురిని తెచ్చుకున్నాడు. ముగ్గురూ కాలేజీ కుర్రవాళ్లు. మనహర్‌భాయి ఒప్పుకోలేదు. ఒట్టు పెట్టిన మనిషి అదే చోట పడుకుంటాడని, పలుకుతాడని, అప్పుడే లెక్క తేలుతుందని అన్నాడు. ఫణికుమార్ మర్యాదగానే కాదన్నాడు. ఒకసారి తప్పిన మనిషితో మళ్లీ పరీక్ష పెట్టడం మిగతా కంపెనీలతో పోలిస్తే న్యాయం కాదన్నాడు. కమిటీవాళ్లు చెరోవైపు మాట్లాడారు.

మనహర్‌భాయి కాసేపు వాళ్ల ముఖాలు చూసి, అయితే అక్కడ తనే పడుకుంటానన్నాడు. అందరూ వద్దన్నారు. ఆయన చెప్పులు విప్పేశాడు. ఈ షెడ్డు కొనకముందు ఇందులోనే ఇరవై ఏళ్లకు పైగా మగ్గాలు నడిపానని, దీని నేల తనకు కొత్త కాదని అన్నాడు. ఫోనూ కళ్లజోడూ మేనేజరు చేతికిచ్చాడు. తాగనివాడు పడుకుంటే యంత్రం పట్టుకుంటుందో లేదో అందరూ చూడండన్నాడు.

పడుకునేవాళ్లకు సూచనలు చెప్పే పని కీర్తిది. ఆయన ఎదురుగా నిలబడి గుజరాతీలో చెప్పింది: కదలవద్దు, యంత్రం అడుగుతుంది, అడిగినప్పుడు పలకాలి. ఆయన తలూపాడు. హెల్మెట్ పెట్టి, పట్టీ బిగించడానికి ఆమె వెనక్కి వెళ్లింది. ఎడమవైపు ఇనుప చువ్వ ఉంది, భుజం జాగ్రత్త కాకా అంది. ఆయన ఎడమవైపే జరిగాడు. చువ్వ భుజానికి తగిలాక ఉలిక్కిపడి చూశాడు. ఆమె ఇంకాస్త గట్టిగా, తగిలిందా అని అడిగింది. ఆయన ముందుకు చూస్తూ నిలబడ్డాడు.

పట్టీ ఆమె చేతిలో ఉంది. తలెత్తితే గోడ పక్కన దశరథం కనిపించాడు. జరిగింది అతనూ చూశాడు. ఫణికుమార్ ట్యాబ్ పట్టుకుని కమిటీవాళ్లతో మాట్లాడుతున్నాడు. వెళ్లి చెవిలో ఒక్క మాట చెబితే మనహర్‌భాయిని ఏదో వంక పెట్టి ఆపేవాడే. కీర్తి పట్టీ బిగించి, ఆయన ముందుకు వచ్చి, సిద్ధమేనా అని అడిగింది. సిద్ధమన్నాడు.

బండి లోపలికి వెళ్లింది. తెర చుట్టూ అందరూ గుంపుగా నిలబడ్డారు. మొదటి కుర్రవాడు పలికాడు, ఆకుపచ్చ. రెండోవాడు పలికాడు, ఆకుపచ్చ. బండి ఒక ఇటుకల కుప్ప ఎక్కి దిగి మూడో చోటికి చేరింది. తెరమీద మనహర్‌భాయి ముఖం వచ్చింది. వెలుగు కళ్లలో పడి రెప్పలు ఆర్పాడు. కీర్తి గొంతు హిందీలో అడిగింది. ఆయన కెమెరాలోకి చూస్తున్నాడు. గుజరాతీలో అడిగింది. ఆయన చెంప మీద వాలిన ఈగను తోలుకుని, మళ్లీ కెమెరాలోకి చూశాడు. ఫోటో తీయించుకుంటున్నట్టు ఓపికగా ఉన్నాడు. అరనిమిషం అయింది. చుక్క పసుపు రంగుకు మారింది. బండి వెనక్కి తిరిగింది.

కమిటీలో ఒకాయన ఫణికుమార్ వైపు చూశాడు.

మనహర్‌భాయి పాక్కుంటూ వచ్చి, మోకాళ్లు దులుపుకుని, పట్టుకుందా అని అడిగాడు. వచ్చింది, నిలబడింది, ఏమీ అడక్కుండానే వెళ్లిపోయిందన్నాడు. మేనేజరు కళ్లజోడు ఇస్తూ నేలచూపులు చూశాడు.

కీర్తి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. యంత్రం రెండుసార్లు అడిగిందని చెప్పింది.

ఆయన నమ్మలేదు. ఏమడిగిందో వినిపించమన్నాడు. ఆమె ట్యాబ్ చేతుల్లోకి తీసుకుని చప్పుడు పూర్తిగా పెంచి పెట్టింది. ఖాళీ షెడ్డులో ఆ గొంతు గోడలకు తగిలి తిరిగొచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డ డ్రైవరు కూడా ఇటు చూశాడు. మనహర్‌భాయి తెర మీదికి వంగి ఎదురుచూశాడు.

"పెట్టు," అన్నాడు.

"పెట్టాను కాకా. అయిపోయింది."

ఆయన చుట్టూ ఉన్న ముఖాలను ఒక్కొక్కటే చూశాడు. అందరికీ వినబడిందని ఆ ముఖాల్లోనే తెలిసింది. చివరికి గోడ పక్కన దశరథం మీద చూపు ఆగింది. అతన్ని దగ్గరికి పిలిచి, ఆ రోజు నీకు వినబడిందా అని హిందీలో అడిగాడు.

దశరథం సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. కీర్తి వైపు చూడలేదు.

"నహీ సేఠ్," అన్నాడు.

మనహర్‌భాయి అక్కడే ఉన్న ఇటుకల కుప్ప మీద కూర్చుని చెప్పులు తొడుక్కున్నాడు.

కొనుగోలును కమిటీ నెల రోజులు వాయిదా వేసింది. పుణేవాళ్ల బండినీ, మూడో కంపెనీ బండినీ కూడా మగ్గాల మీద పనిచేసిన మనుషులతోనే పరీక్షించాలని నిర్ణయించింది. ఆ మధ్యాహ్నం కీర్తి నాలుగు వాక్యాలు రాసింది. లోపం యంత్రానిదని, సరిచేయడానికి రెండు వారాలు పడుతుందని అందులో ఉంది. ఫణికుమార్ చదివి, ఒక అక్షరం కూడా మార్చకుండా పంపించాడు. ఆదివారం ఇద్దరూ ఆఫీసుకు వచ్చి పని మొదలుపెట్టారు.

సోమవారం పొద్దున కిమ్ షెడ్డులో మొదటి షిఫ్టుకు దశరథం వెళ్లాడు. మేనేజరు అతన్ని లోపలికి పంపి మిషన్లు చూపించాడు. మనహర్‌భాయి ఆ రోజు రాలేదు. కొడుకు ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాడని మేనేజరు చెప్పాడు.